గట్టు కాపలా బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. నా మీద ఒకే ఒక్క ఇంగ్లీషు మాట చెక్కి ఉంది: వాచ్.

చూడటం అని దానికి అర్థం చెబుతారు. నన్ను చేయించిన పాత ఇంజనీరు మాత్రం కాపలావాళ్ళకి వేరే చెప్పాడు. ఆ మాట పుట్టినప్పుడు కళ్ళతో పనిలేదట. మేలుకొని ఉండటమే దాని అర్థమట. తర్వాత కాపలా అయింది, ఆ తర్వాత చూపు అయింది. చివరికి చేతి గడియారానికీ అంటుకుంది.

ఇంజనీరు పోయాడు. గోదారి గట్టు మీద ఆయన పెట్టిన ఆచారం మిగిలింది. కాపలా మారేటప్పుడు ఇచ్చేవాడు "లేచున్నావా?" అని అడగాలి. "లేచున్నా" అంటేనే నేను చేయి మారతాను. ఆ మాట అన్నవాడు నన్ను దించేదాకా కూర్చోకూడదు.

అలా ఎన్నో మెడలు మారి పల్లాలయ్య మెడలోకి వచ్చాను. అప్పటికే అతని రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. ఆ సంగతి ఆఫీసుకి తెలిసింది. గోదారి మూడు రోజులుగా తగ్గని శ్రావణంలో, ఒక ఉదయం, కొత్త ఓవర్సీరు కామేశం నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. గట్టు కింద పేటలో నూరు కొంపలున్నాయి.

పల్లాలయ్య పొలం వైపు దిగి ఉత్త కాళ్ళతో నడుస్తున్నాడు. ఒకచోట ఆగాడు. పాదం కింద నీళ్ళు ఉబుకుతున్నాయన్నాడు. ఓవర్సీరు గట్టు మీంచే, గొడుగు కిందనుంచే చూశాడు. వాన నీళ్ళన్నాడు. వాచీ చూసుకుని, బిళ్ళ ఇచ్చెయ్యమన్నాడు.

పల్లాలయ్య వంగి ఆ నీళ్ళు పుక్కిట పట్టాడు. అతని పళ్ళ కింద కరకర నాకు వినబడింది.

"తేటనీరైతే గట్టు చెమర్చిందనుకుందునండి. ఇసకొస్తంది. లోపల గట్టు కరిగిపోతంది."

"కళ్ళు పోయాక రుచి చూస్తున్నావా తాతా?"

"మీరూ ఓ పుక్కిట పట్టండి బాబూ."

ఊట అప్పటికే చెంబు మూతంత అయింది. ఓవర్సీరు బూట్లు విప్పి దిగాడు. నోట పోసుకున్నాడు. ఉమ్మి, పేట వైపు పరుగెత్తాడు.

ఆడవాళ్ళు పిల్లల్నెత్తుకుని బడి మిద్దె ఎక్కారు. మగవాళ్ళు ఊట చుట్టూ ఇసుక బస్తాలు బావి ఒరలా పేర్చారు. లోపల నీరు నిలిచేకొద్దీ ఊట జోరు తగ్గింది. పల్లాలయ్య మాటిమాటికీ రుచి చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి కరకర ఆగింది.

ఓవర్సీరు తెచ్చిన ఆర్డరు మారలేదు. చెయ్యి చాపాడు. పల్లాలయ్య నన్ను మెడలోంచి తీశాడు.

"లేచున్నారా?"

మోకాళ్ళదాకా బురదతో ఉన్న ఓవర్సీరు ఊట వైపు ఒకసారి చూశాడు.

"ఇప్పుడే లేచాను తాతా."

ఆ రోజంతా అతను కూర్చోలేదు. గట్టు పైన నేనూ ఓవర్సీరూ, గట్టు కింద పల్లాలయ్య పాదాలు.

ఇప్పుడు ఆఫీసు సొరుగులో ఉన్నాను. తీసినవాళ్ళు నన్ను చూసి మూసేస్తారు. లేచున్నావా అని అడిగేవాడే లేడు.