అక్షయతదియనాటి అద్దాలపెట్టె

రోహిణీకార్తెలోని ప్రచండభానుని కిరణములచేత మంగళగిరి కొండరాళ్లు పెనములవలె కాగి వాని సెగ దిగువనున్న నేతవీధులలోనికి వ్యాపించి మగ్గపుగుంటలలోని చల్లదనమును సైతము హరింపగా పడుగుదారములు తడియారి పుటుక్కున తెగుచుండెను. పిచ్చుకలు కూత మాని చూరులక్రింద నొదిగియుండెను. అట్టి యెండవేళ చేనేతవస్త్రదుకాణమున గుమాస్తాయగు పానకాలరావు నిగనిగలాడు అద్దాలపెట్టె నొకదానిని భుజముపై నిడుకొని బెజవాడ బస్సుకొరకు నిలిచియుండెను. ప్రక్కనే ఆతని కూతురు సుధేష్ణ ముఖము వేరొకవైపునకు ద్రిప్పుకొని నిలిచియుండెను.

సుధేష్ణ పాలిటెక్నిక్ విద్యార్థిని. కంప్యూటరుపై జట్టుగా నాడు యుద్ధక్రీడయందు మిక్కిలి నేర్పరి. ఆమె జట్టు రాష్ట్రస్థాయిపోటీకి ఎన్నికయైన వారమే ఇంటనున్న ముసలికంప్యూటరు కన్నుమూసెను. పోటీ జరుగు ఆదివారమునాటికి వేరొకటి సిద్ధము కానియెడల నీ చోట మరియొకతెను చేర్చుకొందుమని స్నేహితురాండ్రు స్పష్టముగా చెప్పియుండిరి. ఆటలాడుటకు తగిన కంప్యూటరును సిద్ధముగా కొనజాలనివారు విడిభాగముల నేరి కూర్చుకొందురని కూతురు విన్నవింపగా తండ్రి సమ్మతించెను. అంతవరకు సుఖమే.

ఇల్లు కట్టుచో గోడలకు ముందుగా ద్వారబంధము నిలుపుట చూచిన పానకాలరావు కంప్యూటరునకు బయటిపెట్టెయే ద్వారబంధమని యెంచెను. అంతట అక్షయతదియనాడు బంగారము కొనుటకు శక్తి లేకయు వట్టిచేతులతో నింటికి వచ్చుటకు మనసొప్పకయు కూతురితో నొక్కమాటయైన చెప్పక చుట్టును రంగురంగుల దీపములుగల ఆ అద్దాల క్యాబినెట్టును కొని తెచ్చెను. మూరెడు గుడ్డనైనను కొలువనిదే చింపని ఆ మనుష్యుడు దానినిమాత్రము కొలువక తెచ్చెను.

నాటినుండి ఆ యింట శాంతి కరవయ్యెను. పెట్టె చిన్నదగుటచే మదర్‌బోర్డు చిన్నది కావలసివచ్చెను. ఆ చిన్నబోర్డున సుధేష్ణ కోరిన ప్రాసెసరు పట్టదయ్యెను. పట్టునట్టి ప్రాసెసరును కొన్నయెడల ఆటలోని బొమ్మలను తెరపై పరుగెత్తించు గ్రాఫిక్సు కార్డునకు సొమ్ము చాలదయ్యెను. జాతకములు పొసగని సంబంధములను వెదకి వెదకి విసిగిన పెండ్లిపెద్దలవలె తండ్రీకూతుళ్లు ఒక నెల వాదులాడి తుదకు ఒకరు వాడి విడిచిన కార్డునొకదానిని కొన నిశ్చయించి ఆ పెట్టె నమ్మిన బెజవాడ దుకాణదారుడగు ఖాదర్‌బాషాయొద్దకు బయలుదేరిరి.

ఖాదర్‌బాషా భాగములన్నిటిని బల్లపై పరచి ఒక్కొక్కటిగా బిగించి కడపట మూడు పంకలుగల ఆ కార్డును పెట్టెలో నిలుప యత్నించి తల యడ్డముగా నూపెను.

“బాబాయ్‌గారూ, రెండంగుళాలు తేడా. కార్డు వంగదు, పెట్టె సాగదు. ఆవేళే చెప్పాగా కొలతలు చూస్కోండని? వర్జ్యం వచ్చేస్తందని లాక్కుపోయారు.”

“కాస్త నొక్కి చూడు నాయనా.”

“నొక్కితే ఎక్కడానికి అదేమన్నా చొక్కానా నాన్నా!” అని సుధేష్ణ పండ్లు కొరికెను.

“పొట్టికార్డు లేదా?” అని పానకాలరావు అడిగెను.

“ఉంది, కొత్తది. ధర దీనికి రెండింతలు. అంత వద్దుగానీ ఆ పెట్టె నాకిచ్చెయ్యండి, మామూలు రేకుపెట్టె ఇస్తా. చెల్లుకు చెల్లు.”

పానకాలరావు పెట్టెను రెండుచేతులతో పొదివికొనెను. “తదియనాడు ఇంటికొచ్చిన వస్తువయ్యా! బయటికి పంపిస్తే దాంతోపాటే లక్ష్మీ పోద్ది.”

“లక్ష్మే ఉంటే ఒకళ్లు వాడిన కార్డు మనమెందుకు కొంటన్నాం నాన్నా?”

ఖాదర్‌బాషా నవ్వును దగ్గుగా మార్చెను. “పోనీ పెట్టే వద్దనుకోండి. ఎండిన చెక్కమీద బిగించుకుని ఆడేవాళ్లు బోలెడుమంది.”

“దిక్కులేనోళ్లలాగా చెక్కమీదా? నీ సలహా నీ దగ్గరే ఉంచుకో!” అని పానకాలరావు కసరెను.

అంతట బిగించిన భాగములను విప్పించి అట్టపెట్టెలో మూటగట్టించుకొని తండ్రీకూతుళ్లు వచ్చినదారినే మరలిరి. బస్సులో వారిరువురకు నడుమ అద్దాలపెట్టె కూర్చుండెను.

ఇంట తల్లి రాజ్యలక్ష్మి మంచినీళ్లందించి “ఏమైందే?” అని యడిగెను.

“అడక్కమ్మా. ఆదివారం నా బదులు ఇంకెవరో ఆడతారు. నాన్న పెట్టె మాత్రం క్షేమం” అని సుధేష్ణ లోపలికేగి తలుపు వేసికొనెను.

సంధ్యవేళ పానకాలరావు స్నానము చేసి తన తండ్రినాటి పనసచెక్కపీటపై కూర్చుండి అమ్మవారి పటమునెదుట దీపము వెలిగించెను. నామములు పెదవులపై నడచుచుండెను గాని మనస్సు మూసిన తలుపుకడ నిలిచియుండెను. తరుగనిది కావలెనని తెచ్చిన వస్తువువలన బిడ్డ సంతోషమే తరిగిపోయినచో ఆ పుణ్యదినమున తాను తెచ్చిన దేమి? లక్ష్మీతల్లి పెట్టెలోనుండునా, పెట్టె యెవరికొరకై తెచ్చెనో ఆ పిల్ల ముఖముననుండునా? ఇట్టి ప్రశ్నల కుత్తరము చెప్పగల చదువు ఆతనికి లేదు. అయినను ఆతడు నామము ముగియకుండనే లేచి చిలుకకొయ్యకు వ్రేలాడు కొలతపట్టీని తీసి క్రింది పీట పొడవును వెడల్పును కొలిచెను. నమ్మక మరల కొలిచెను.

“ఏమేవ్, అమ్మవారి పటం ఇలా తీసుకురా.”

రాజ్యలక్ష్మి తెచ్చిన పటమును ఆతడు అద్దాలపెట్టెలో నిలిపి పూలు సవరించెను. “చూశావా, గడప దాటలేదు. ఇంట్లోనే ఉంది.” పిమ్మట పీటను తుడిచి కూతురి తలుపు తట్టెను. “అమ్మాయ్, రేపు ఇది పట్టుకెళ్లి బిగించుకురా. బోర్డుకి చోటుంది, ఆ పొడుగుకార్డుకీ ఉంది. ఈసారి కొలిచా.”

సుధేష్ణ పీటను చూచి తండ్రిని చూచెను. “తాతయ్య పీట నాన్నా. చిల్లులు పెడతారు.”

“పెట్టనీ.”

“మరి మీరు దేనిమీద కూచుంటారు?” అని రాజ్యలక్ష్మి యడిగెను.

“నేల లేదూ?” అని విసుగుకొని కూతురివైపు వ్రేలు చూపెను. “దానికి కాలుమాత్రం తగలనీకు. ఆట ఓడినా సరే.”

ఆదివారమున సుధేష్ణ గదిలో పీటపై బిగిసిన కంప్యూటరు, బోర్డుతోను ఆ పొడుగుకార్డుతోను ఏ మరుగును లేక దర్శనమిచ్చుచు మూడుపంకల ఝంకారముతో మేల్కొనెను. పానకాలరావు గుమ్మమున తల నిడి “గెలిచావా?” అని యడిగెను.

“ఇంకా మొదలే కాలేదు నాన్నా! వెళ్లు!”

ఆతడు వెళ్లి నేలపై నాలుగుమడతల తువ్వాలు వేసికొని కూర్చుండెను. ఎదుట అద్దాలపెట్టెలోని రంగుదీపములకు కరెంటు లేదు. అయినను ప్రమిదలోని యొక్కజ్వాల మూడుప్రక్కల అద్దములందు ప్రతిఫలించి పలుదీపములై వెలుగుచుండెను. ఆవలిగదినుండి బిడ్డ కేక వినవచ్చెను. అది గెలుపో ఓటమియో తెలియక ఆతడు కన్నులు మూసికొని మధ్యలో విడిచిన నామమును మరల మొదటినుండి ప్రారంభించెను.