రెండు నిమిషాల సారు కుర్చీ

బ్యాంకులో ఆఫీసరుగారిని వెనకాల అందరూ రెండు నిమిషాల సారు అనేవారు. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని వెళ్ళాడంటే మళ్ళీ మధ్యాహ్నానికి గానీ కనబడేవాడు కాదు. ఇల్లు కట్టిస్తున్నాడు. ఇటుకల లారీ వచ్చినా, మేస్త్రీ రాకపోయినా ఆయన అక్కడ ఉండాల్సిందే. బూట్లకు సిమెంటు అంటించుకుని తిరిగొచ్చేవాడు.

చిట్టి ఆ బ్యాంకుకు వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు అయిపోయింది. పని నేర్చుకున్నట్టు సారు సంతకంతో సర్టిఫికెట్ తెస్తేనే కాలేజీవాళ్ళు మూడో ఏడులోకి రానిస్తారు. ఆ చోటు ఇప్పించింది మేనమామ. "నా మాట మీద చేర్చుకున్నారు. సారు ఏది చెబితే అది చెయ్యి. నా పరువు తియ్యకు తల్లీ" అని మొదటిరోజే చెప్పి పంపాడు.

రెండో వారంలో సారు ఆమెను తన అద్దాల గదిలోకి పిలిచి తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు.

బ్యాంకులో ఏ పనికైనా ఇద్దరు కావాలి. కౌంటర్లో ఒకరు కంప్యూటర్‌లో ఎక్కిస్తే, లోపల అధికారి కాగితం చూసి, సంతకం పోల్చి, ఒప్పుకోవాలి. ఒక కన్ను పొరబడితే ఇంకో కన్ను పట్టుకోవాలని ఆ ఏర్పాటు. సారు తన పాస్‌వర్డ్‌తో కంప్యూటర్ తెరిచి, "సంతకాలు కలిస్తే పచ్చ బటన్, కలవకపోతే ఎర్ర బటన్. ఇంతే పని. రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని వెళ్ళిపోయాడు.

మొదట్లో చిట్టికి కాళ్ళు నేల మీద ఆనలేదు. వాళ్ళమ్మయితే వీధంతా చెప్పుకుంది. ఒకరోజు తెర అడుగున సన్నటి అక్షరాలు కనబడ్డాయి. ఆమోదించినవారు అని రాసి, పక్కన సారు పేరు. ఆమె నొక్కిన ప్రతిదాని కిందా అదే పేరు. వేలు ఆమెది, పేరు ఆయనది. ఆ క్షణం నుంచి ఆ కుర్చీ ముళ్ళ కుర్చీ అయింది.

ఆ గది తలుపు దానంతటదే మూసుకుంటుంది. బయటి నుంచి తెరవాలంటే కార్డు కావాలి. కార్డు సారు జేబులో ఉంటుంది. ఒకసారి బయటికి వెళితే మళ్ళీ లోపలికి రావడానికి లేదు, ఇక్కడేమో క్యూ ఆగిపోతుంది. అందుకని చిట్టి పొద్దున్నే మంచినీళ్ళు తాగడం మానేసింది.

"ఏమ్మా బుల్లి ఆఫీసరమ్మా, నిద్రపోతున్నావా? ఇక్కడ క్యూ తోక వీధిలోకి పోయింది!" అని కౌంటర్ అక్క అద్దం సందులోంచి అరిచేది.

"అక్కా, ఇది తప్పు కదా?"

"తప్పే. చెప్పేదెవరు? నేను చెబితే నా సెలవులు పోతాయి, నువ్వు చెబితే నీ సర్టిఫికెట్ పోతుంది. ముందు అది నొక్కు తల్లీ, ఆ మీసాలాయన నన్ను మింగేసేలా చూస్తున్నాడు."

ఇంట్లో చెప్పి చూసింది. "మానేస్తానమ్మా."

"మానేస్తే మీ మామయ్యకు నేను ఏ మొహం చూపించాలే? నీడపట్టున కూర్చోవడానికి కూడా బద్ధకమా?" అంది అమ్మ.

అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె బతుకు.

ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను కౌంటర్ దగ్గరికొచ్చాడు. వాళ్ళ పెద్దమ్మ ఖాతాకున్న ఫోన్ నంబరు మార్చాలట. "ఆవిడ మంచం దిగలేదండీ. చెయ్యి ఒకటే వణుకు. గ్లాసు కూడా మేమే పట్టాలి" అని అక్కతో చెబుతుంటే అద్దం సందులోంచి చిట్టికి వినబడింది.

చిట్టి తెర మీద రెండు సంతకాలు పక్కపక్కన వచ్చాయి. ఒకటి ఎప్పుడో ఖాతా తెరిచిననాటిది, ఒకటి ఇవాళ్టిది. అచ్చు గుద్దినట్టు కలిశాయి. పచ్చ బటన్ మీదకు వెళ్ళిన వేలు ఆగిపోయింది. గ్లాసు పట్టలేని చెయ్యి గీత ఇంత నున్నగా ఎలా గీసింది? నంబరు మారిందంటే బ్యాంకు పంపే మెసేజీలు, ఓటీపీలు అన్నీ ఇతనికే పోతాయి.

బల్ల మీది ఫోన్ తీసి పాత నంబరుకు చేసి, నంబరు మార్చమన్నారా అని అడిగింది.

"నంబరు మార్చడమెందుకమ్మా? ఇదేగా నా నంబరు, నువ్వు చేసింది!" అంది ముసలి గొంతు. తర్వాత గొంతు తగ్గించింది. "మావాడొచ్చాడా అక్కడికి? నేను ఫోన్ ఎత్తానని వాడికి చెప్పకు తల్లీ. వాడింట్లోనే ఉంటున్నాను."

చిట్టి ఫోన్ పెట్టేసింది. తనలాగే ఇంకొకరు, ఎక్కడో ఒక గదిలో. ఎర్ర బటన్ నొక్కింది. కారణం రాయమని తెర అడిగితే 'ఖాతాదారు అడగలేదు' అని రాసి, ఆ ముసలావిడ మాట గుర్తొచ్చి చెరిపేసింది. 'సంతకం నమ్మకంగా లేదు' అని రాసింది.

ఇస్త్రీ చొక్కా అతను కౌంటర్ బల్ల చరిచాడు. "ఎవరండీ కాదన్నది? పిలవండి!"

సరిగ్గా అప్పుడే సారు సిమెంటు బూట్లతో లోపలికొచ్చాడు. "ఏమిటి గొడవ? కాదన్నదెవరు?"

"తెర మీద మీ పేరే ఉంది సార్" అంది అక్క, మొహంలో నవ్వు కనబడనీయకుండా.

సారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. తను కాదంటే, మరెవరో చెప్పాలి. క్యూ అంతా ఆయన్నే చూస్తోంది.

"అవును, నేనే" అన్నాడు చివరికి, తెర వంక తొంగి చూసి. "సంతకం నమ్మకంగా లేదు. ఆవిడే రావాలి. రాలేకపోతే మేమే ఇంటికొచ్చి అడుగుతాం."

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గదిలోకి వచ్చాక సారు చెమట తుడుచుకున్నాడు. చిట్టి ఫోన్ సంగతంతా చెప్పింది. తిడతాడనుకుంటే, ఆయన మొహం వెలిగిపోయింది.

"భేష్! నాకంటే నువ్వే నయం. ఇక నేను నిశ్చింతగా స్లాబ్ వేయించుకోవచ్చు. ఇంకో నెల ఉంచుకుంటానని మీ మామయ్యతో నేనే మాట్లాడతా."

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో చిట్టికి తెలిసొచ్చింది.

"నేనిందులో కూర్చోను సార్." ఆ మాట ఆమెకే సరిగ్గా వినబడలేదు. మళ్ళీ అంది. "ఇక కూర్చోను."

"సర్టిఫికెట్ అక్కర్లేదా?"

"కావాలి సార్. నా పని చూసి, మీకేమనిపిస్తే అది రాయండి."

"నీ పని నేనెక్కడ చూశాను?" అన్నాడు ఆయన విసుగ్గా. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

చిట్టి కుర్చీలోంచి లేచి నిలబడింది. సారు కాసేపు ఆమెను, కాసేపు కుర్చీని చూసి, వెళ్ళి కూర్చున్నాడు. ఆమె బయటికొచ్చి, కౌంటర్ అక్క పక్కన స్టూల్ లాక్కుని, ఎవరికో ఫారం నింపి పెట్టడం మొదలుపెట్టింది. సంతకం పెడతాననీ, పెట్టననీ సారు అనలేదు. సాయంత్రానికల్లా కబురు మామయ్యకు చేరుతుంది. ఏం చెప్పాలో ఆమెకింకా తోచలేదు. ఫారంలో ఆమె రాసే అక్షరాలు మాత్రం వంకరపోతున్నాయి.