పదిహేడో నంబర్ మనిషి

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో, జిరాక్స్ షాపులు అంతకు రెండింతలు ఉంటాయి. మెట్రో స్టేషన్ దాటి సందులోకి తిరగ్గానే కనపడే చిన్న షాపు బ్రహ్మానిది. ఇరవై రెండేళ్లుగా గ్రూప్స్ నోట్సులు, పీహెచ్‌డీ పుస్తకాలు, పెళ్లిపత్రికలు, విడాకుల కాయితాలు అన్నీ అతని చేతుల మీదుగానే పోయాయి. వాటిలో ఒక్క లైను చదివిన పాపాన పోలేదు మహానుభావుడు. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా, అంచు తిన్నగా తెగిందా, ఇంకు మరక పడిందా, ఇవే చూస్తాడు. "సదువుకుంట కూసుంటే పనైతదా? మనది చేతులతోని చేసే పని" అని గొప్పగా చెప్పుకునేవాడు కూడా. ఆ గొప్ప ఏ గంగలో కలిసిందో చెప్తాను.

బ్రహ్మం వాళ్లది పోచంపల్లి పక్కన మగ్గం నేసే ఇల్లు. ఎల్బీనగర్ అవతల, కర్మన్‌ఘాట్ నుంచి లోపలికి పోతే, వాళ్ల వాళ్లే ఓ నలభై కుటుంబాలు జాగాలు కొనుక్కుని రేకుల ఇళ్లు వేసుకున్న చోటొకటి ఉంది. మగ్గాల కాలనీ అంటారు. ఇప్పుడు అందరూ షాపుల్లోనో ఉద్యోగాల్లోనో పడ్డారు గానీ, బ్రహ్మం తల్లి యాదమ్మ మాత్రం ఇంట్లో గుంట మగ్గాన్ని తీసెయ్యనివ్వలేదు. చూపు మందగించాక నెయ్యడం మానేసి, మిగిలిపోయిన రంగు నూలును పురిపెట్టి, చివర ముడేసి, దారాలు చేసేది. హార్డ్ బైండింగు పుస్తకాల్లో పేజీ గుర్తుకు మిగతా షాపుల వాళ్లు బజారు రిబ్బన్ పెడితే, బ్రహ్మం అమ్మ దారం పెట్టేవాడు. "నా బైండింగు ఏ బీరువల ఉన్నా నేను గుర్తువడత" అనేవాడు.

యాదమ్మ పోయినేడు ఆగస్టులో చచ్చిపోయింది. ఎలా పోయిందో వివరంగా చెప్పక తప్పదు.

కాలనీ వెనక విల్లాలు కట్టుకున్నవాళ్ల ప్రహరీ గోడ ఉంది, ముందు నుంచి నాలా పోతుంది. వాన పడితే అందరి ప్రాణాలూ ఆ నాలా మీదే. పోయినేడు జూన్‌లో బ్రహ్మం నలుగుర్ని వెంటబెట్టుకుని మున్సిపల్ ఇంజనీరు ఆఫీసుకు పోయి, నాలా పూడిక తీయించమని అడిగాడు. ఇంజనీరు గంగాధరరావు గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. అందరికీ కుర్చీలు వేయించి మాట్లాడాడు. "పూడిక తీయిస్తానండి. ఈలోగా ముసలివాళ్లను నాలా వైపు గదుల్లో పడుకోబెట్టకండి. వెనక గదుల్లోకి మార్చేయండి" అన్నాడు. మంచి మాటే కదా. బ్రహ్మం ఆ రోజే తల్లి మంచాన్ని వెనక గదిలోకి మోశాడు.

ఆమె ఒప్పుకుంటేగా. "నీళ్లు ముంగట నుంచి రావు కొడుకా, ఎనుక నుంచొస్తయి" అంది.

"ఎనుక అంత పెద్ద గోడ ఉన్నది గదనే. విల్లాలోళ్ల గోడ. ఎట్లొస్తయి?" అని కసిరాడు బ్రహ్మం. "ఇంజనీర్ సాబ్ కంటె నీకెక్కువ ఎర్కనా?"

యాదమ్మ తన దారాల మూట తీసుకుని వెనక గదిలోకి నడిచింది. ఆగస్టు పదకొండున మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైంది. గంటన్నరపాటు కుమ్మరించింది. నాలా ఇంకా నిండనే లేదు, వెనక గోడ కూలిపోయింది. గోడ అవతల నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా గదిలోకి వచ్చిపడ్డాయి. అన్నం తిని కునుకు తీస్తున్న యాదమ్మ ఇక లేవలేదు.

గిట్లయితదని ఎవలకెర్క, అన్నారందరూ. ఎవరికీ తెలియని దానికి ఎవర్ని తిడతాం? ఆ ఒక్క మాట పట్టుకునే బ్రహ్మం తొమ్మిది నెలలు బతికాడు.

ఈ మే నెలలో విల్లాలవాళ్లు అదే చోట మళ్లీ గోడకు పునాది తవ్వడం మొదలుపెట్టారు. ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా ఎత్తుగా కడతారట. గోడనానుకుని ఏడిళ్లున్నాయి. ఏడింట్లోనూ పిల్లలు, ముసలివాళ్లు ఉన్నారు. నీళ్లు పోయేందుకు గోడలో దారి వదిలిపెట్టమని కాలనీ అంతా ఆఫీసుకు పోయింది. గంగాధరరావు ఓపిగ్గా విన్నాడు. "నీళ్లు అటువైపు నుంచి వస్తాయని మీరంటున్నారు. వాన ఎక్కువై కూలిందని వాళ్లంటున్నారు. ఎవరన్నా శాస్త్రీయంగా చూశారా? ఒక్క స్టడీ పట్రండి, సోమవారం మీటింగులో పెడతాను. లేకపోతే వాళ్లకు పర్మిషన్ ఇవ్వక నాకు తప్పదు" అన్నాడు. అది గురువారం. ఇంకో రెండు మూడు వారాల్లో వానలు పడతాయి.

శుక్రవారం పొద్దున పక్కింటి మధుకర్ షాపుకొచ్చాడు. కొత్తపేటలో చీరల షోరూంలో పని చేస్తాడు. రాత్రంతా ఫోన్లో వెతికి వెతికి కళ్లు ఎర్రబడ్డాయి. "అన్నా, ఒకటి దొరికింది. మన కాలనీ మీదనే రాసిన్రు" అని ఫోన్ ముందు పెట్టాడు.

ఏదో పరిశోధన పత్రిక సైటులో, ఇంగ్లీషులో ఏడెనిమిది లైన్లు ఉన్నాయి. బ్రహ్మం భార్య మాలతి షాపులో డీటీపీ చేస్తుంది, డిగ్రీ చదివింది. ఆమె చదివి చెప్పింది. ఎల్బీనగర్ దగ్గర నేతపనివాళ్ల బస్తీ. గంటలో పడే వాన ఈ ముప్పై ఏళ్లలో ఎంత పెరిగిందో లెక్క తీశారు. పూడ్చేసిన పాత కుంట నీళ్లు ఇప్పటికీ ఏ ఇళ్ల మీదుగా పోతాయో మ్యాపు గీశారు.

"గంతేనా? మ్యాప్ ఏది?" అన్నాడు బ్రహ్మం.

"గా మ్యాప్ సూడాలంటె మూడు వేల ఎనిమిది వందలు కట్టాల్నట. అది గూడ ఒక్క దినానికే" అన్నాడు మధుకర్. "యూనివర్సిటీ సైట్ల పెద్ద పుస్తకమే ఉన్నది గానీ, మూడేండ్ల దాంక తెరవరట."

చూశారా విడ్డూరం. ఎవరి గోడలు కొలిచారో, ఎవరింట్లో చాయ్ తాగి ఎవరి కష్టం రాసుకుపోయారో వాళ్లకు తప్ప, లోకంలో డబ్బు కట్టగలిగిన ప్రతివాడికీ ఆ మ్యాపు కనపడుతుంది. వానలు ముదరడానికి ఈ రేకుల ఇళ్లవాళ్లు చేసిన పాపం ఏమిటో నాకైతే తెలీదు. పొగ వదిలి లోకాన్ని వేడెక్కించడానికి ఒక్క కారు లేదు కాలనీలో. మునిగేది మాత్రం వాళ్లే.

మాలతి మళ్లీ ఫోన్ వంక చూసింది. "రాసింది సింధు అట" అంది. తర్వాత ఆమె చెయ్యి కంప్యూటర్ మౌస్ మీదికి పోయింది. "గీ పేరు మన తాన ఉన్నట్టుంది."

జిరాక్స్ షాపు కంప్యూటర్ సంగతి మీకు తెలిసిందే. పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతివాడి ఫైలూ అందులో పడి ఉంటుంది, తుడిచే తీరిక ఎవరికీ ఉండదు. వెతికితే మూడు ఫైళ్లు బయటపడ్డాయి. సింధు ఫైనల్, సింధు న్యూ ఫైనల్, సింధు లాస్ట్ ఫైనల్. రెండేళ్ల కిందటి మే నెలవి. మొదటి పేజీ తెరిచేసరికి బ్రహ్మానికి అక్షరాల అమరిక గుర్తొచ్చింది. మెరూన్ అట్ట, ఆరు కాపీలు, బంగారు అక్షరాలు. ఆ అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చి గుద్దింది అతనే.

మాలతి పేజీలు తిప్పుకుంటూ పోయింది. మ్యాపు వచ్చింది. వెనక నుంచి ఒక ఎర్రటి పట్టీ గోడ దాటి ఏడిళ్ల మీదుగా పోతోంది. మూలకున్న బోరింగును బట్టి బ్రహ్మం తన ఇంటిని గుర్తుపట్టాడు. ఎరుపంతా వెనక గది మీదే ఉంది.

నూట పన్నెండో పేజీ దగ్గర మాలతి ఆగిపోయింది. పెదాలు కదుపుతూ చదివి, చప్పున ఫైలు మూసెయ్యబోయింది.

"ఏంది?"

"ఏం లేదు."

"సదువు" అన్నాడు.

ఆమె ఇంగ్లీషును తెలుగు చేస్తూ, నీళ్లు నమిలి నమిలి చదివింది. "పదిహేడో నంబర్ మనిషి. ఆడమనిషి, డెబ్బై ఏండ్లు, నేతపని. ఆమె ఏమన్నదంటే... నాలా నిండకముందే మా మగ్గం గుంటల నీళ్లు ఊరుతయి బిడ్డా. ముంగట నుంచి కాదు, ఎనుక గోడ దిక్కు నుంచి ఊరుతయి. ఆడ కుంట ఉండె. దాని నీళ్లు మా ఇంటి మీదికెల్లే పోతుండె. గోడ కట్టంగనె ఆగుతయా? నా కొడుకుకు శాన సార్ల జెప్పిన. ఇనడు."

ఆ కింద సింధు రాసిన మాటలు రెండు లైన్లున్నాయి. ఈ ఏడిళ్లలో ముందు గదుల కంటే వెనక గదులే ప్రమాదం. వానాకాలంలో అక్కడ ఎవరినీ పడుకోనివ్వరాదు.

బ్రహ్మం కాయితాల కట్ట మీద కూలబడ్డాడు. ఈ పేజీని తను ఆరుసార్లు ముట్టుకున్నాడు. ఆరుసార్లు అంచులు సర్ది, తట్టి, కత్తి కింద పెట్టాడు. అడుగున నూట పన్నెండు అన్న అంకె చూశాడు, సరిగ్గా ఉందనుకున్నాడు. దాని పైన అమ్మ మాట్లాడుతోంది. సాయంత్రం ఇంటికి పోయి, ఆమె చేసిన దారాలు తెచ్చుకుని, ఆమె మాటల మధ్యనే అతికించాడు. ఎవరికీ తెలియదనుకున్న సంగతి తన చేతుల్లోనే ఉండింది. "ఇంకోసారి సదువు" అన్నాడు. మాలతి ఇంకోసారి చదవలేకపోయింది.

మధుకర్ ప్రింట్ కొట్టమన్నాడు. బ్రహ్మం వద్దన్నాడు. ఒకరి ఫైలు ఇంకొకరికి ఇవ్వకూడదన్నది షాపులో మొదటి రోజు నుంచీ ఉన్న కట్టుబాటు. ఫైల్లోనే సింధు నంబరు ఉంటే ఫోన్ చేశాడు. రెండేళ్లు బెంగుళూరులో పని చేసి ఈ మధ్యే తిరిగొచ్చిందట, సైదాబాద్‌లో ఉంటోంది. గంటలో వచ్చేసింది.

"నమస్తే అంకుల్. యాదమ్మ గారు మీ అమ్మగారని నాకు తెలీదు సుమండీ, ఇందాక ఫోన్లో చెప్పేదాకా. బాగున్నారా ఆవిడ?" అంది వస్తూనే.

బ్రహ్మం జరిగింది చెప్పాడు. ఏ గదిలోనో చెప్పాడు. సింధు చేతిలో ఉన్న హెల్మెట్ కింద పెట్టడానికి కూడా తోచక అలాగే నిలబడిపోయింది.

"ఆవిడ నన్నడిగారు" అంది. "నేను జెప్పింది ఏడ రాస్తవ్ బిడ్డా, నాకు సూపియ్యి అన్నారు. ఇంగ్లీషులో ఉంది కదా, చూపించి ఏం లాభంలే అనుకున్నాను. పేరున్న పత్రికలో వస్తేనే ఉద్యోగం అన్నారు, హక్కులు వాళ్లకు రాసిచ్చేశాను. దాని కోసమే థీసిస్ కూడా బయట పెట్టొద్దన్నారు. ఇవాళ నేను చదువుకోవాలన్నా ఆ సైటు నన్నే డబ్బు కట్టమంటుందండీ."

ఆమె ముఖం తుడుచుకుంది. "ప్రింట్ తీయండి. ఎన్ని కావాలంటే అన్ని తీయండి. ఎవరేమంటారో నేను చూసుకుంటాను."

సోమవారం బ్రహ్మం, మధుకర్, సింధు మీటింగుకు పోయారు. గంగాధరరావు స్పైరల్ బైండింగు కాపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది జిరాక్స్ కదండీ. మీ షాపులో మీరే తీసిందాయె. ఫైల్లో పెట్టాలంటే ఒరిజినల్ కావాలి, యూనివర్సిటీ సీలుతో."

"ఒరిజినల్ ఈ ఆఫీసుకే ఇచ్చాను సార్" అంది సింధు. "సర్వేకి పర్మిషన్ ఇచ్చినప్పుడు ఒక కాపీ ఇవ్వాలని మీవాళ్లే రాయించుకున్నారు."

"మా దగ్గర అలాంటిదేమీ లేదమ్మా. ఉంటే నేను చూడనా?" అన్నాడాయన. అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే అతనికి తెలీదు.

బ్రహ్మం ఈ మాటలేవీ వినడం లేదు. గంగాధరరావు కుర్చీ వెనక ఇనప బీరువా ఉంది. దాని మీద చుట్టలు చుట్టిన మ్యాపులు, పాత క్యాలెండర్లు పడేసి ఉన్నాయి. వాటి కింద నుంచి ఒక మెరూన్ అట్ట అంచు కనపడుతోంది. ప్లాస్టిక్ కవరు లోపల ఎరుపు, పసుపు పురిపెట్టిన దారం, చివర ముడి. యాదమ్మ ముడి అలాగే ఉంటుంది, రెండు చుట్లు వేసి లోపలికి దూరుస్తుంది. బ్రహ్మం ఎవర్నీ అడగలేదు. కుర్చీ లాక్కుని ఎక్కి, పుస్తకాన్ని దింపాడు.

కవరు మీద తన షాపు స్టిక్కరు అతికించినట్టే ఉంది. ఆ స్టిక్కరు మీదే ముట్టినట్టు ఆఫీసు ముద్ర, రెండేళ్ల కిందటి జూన్ తేదీ, ఎవరిదో పొట్టి సంతకం ఉన్నాయి. కవరు చింపి పుస్తకం తెరిచాడు. పేజీలు తిప్పుతుంటే అంచుల దగ్గర ఒకదానికొకటి పట్టుకుని సన్నగా చప్పుడు చేస్తూ విడిపోతున్నాయి.

"కట్టర్ల కోసినంక ఒక్కసారి గూడ తెరవకుంటె గిట్ల అతుక్కుంటయి సార్" అన్నాడు. నూట పన్నెండో పేజీ తీసి ఆయన ముందు పెట్టాడు.

గంగాధరరావు చదివాడు. మ్యాపు చూశాడు. మళ్లీ వెనక్కొచ్చి చదివాడు. ఫైలు తీసి, గోడ పని ఆపమని రాసి, సంతకం పెట్టాడు.

"మంచి ఆధారం" అన్నాడు గంగాధరరావు, పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. "రేపు వాళ్లు కోర్టుకెళ్లినా నిలబడుతుంది. ఈ పదిహేడో నంబర్ ఆవిడెవరో ఎంత స్పష్టంగా చెప్పారండీ. ఆవిణ్ని ఒకసారి తీసుకురండి, వాంగ్మూలం రాసుకుందాం. నడవలేకపోతే చెప్పండి, జీపు పంపిస్తాను."

సింధు తల వంచుకుంది. బ్రహ్మం వేలితో దారాన్ని పేజీ మధ్యలోకి సర్దాడు.

"మా అమ్మ సార్ ఆమె. పోయినేడు జూన్ల ముసలోళ్లను ఎనుక గదులకు మార్చమని జెప్పిన్రు మీరు. మా మంచికే జెప్పిన్రు. ఆ దినమే మార్చిన. గప్పుడు గూడ మీరు గీ కుర్చీలనే కూసున్నరు సార్. గీ పుస్తకం ఆడనే ఉండె."

గంగాధరరావు వెనక్కి తిరిగి బీరువా వైపు చూశాడు. తర్వాత ఆ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మళ్లీ అందులో కూర్చోలేకపోయాడు.