ఎదురు ప్రశ్న వేయని పండితుడు

వంటగది మేకుకి టార్చిలైటు లేదు. అంతే, మొదలైంది.

"తీసినవాళ్లకి తీసిన చోట పెట్టడం చేతకాదు," అందామె గిన్నెలు సర్దుతూ.

"ఏది కనబడకపోయినా నా మెడకే చుడతావేం?" భర్త పేపరు మడిచాడు. "అమ్మాయి పట్టుకెళ్లింది. సోమవారం నుంచీ గోదాముల సందులోంచి వస్తోందట. అక్కడ దీపాల్లేవట."

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కూతురు పనిచేసే రక్తపరీక్షల ల్యాబు నుంచి ఇంటిదాకా బస్సులు తిరిగే పెద్ద రోడ్డుంది. ఆ సందులో పట్టపగలే నరపురుగు కనబడదు.

"ఎందుకట?"

"దగ్గర దారట. నేనేమన్నా ప్లీడర్నా, గుచ్చి గుచ్చి అడగడానికి?"

ఆదివారాలు భోజనాల బల్ల మీద వాళ్లు తలో పాత్ర కట్టి పాచికలతో సాహసకథ ఆడతారు. కథ నడిపేది ఆయన. కూతురు విలుకత్తె. మరిది దొంగ, వాడికి వేషం అక్కర్లేదని వదినగా ఆమె ఎత్తిపొడుపు. ఆమెది గుహలో ఉండే ముసలి పండితుడి పాత్ర. ఆయన పెట్టిన నియమం ఒకటుంది: పండితుడికి అన్నీ తెలుసు కాబట్టి ఎదురు ప్రశ్న వేయకూడదు. అడిగినదానికి సలహా చెప్పాలి, అంతే.

మొన్న ఆదివారం విలుకత్తె గుహకి వచ్చింది.

"గురువుగారూ, మూడు రోజులుగా ఒకడు నా వెనకే వస్తున్నాడు. నేనాగితే ఆగుతున్నాడు. ఏం చెయ్యను?"

పండితుడు లేని గడ్డం నిమురుకున్నాడు. "రాజమార్గం విడిచిపెట్టు. ఎవరూ నడవని దారి పట్టు. తోడు వెతక్కు తల్లీ, నీ విల్లే నీకు తోడు."

మరిది చప్పట్లు కొట్టాడు. కూతురు మాత్రం పాచికలు వేయడం మరిచి, కాసేపు తల్లి మొహంలోకే చూసింది.

"ఏమండీ," ఆమె చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "ఆ వెంటపడేవాణ్ణి కథలో మీరేనా పెట్టింది?"

"నేనెక్కడ పెట్టాను? దాని కల్పనే అనుకున్నా."

కూతురికి చేసిన ఫోను మోగి మోగి ఆగిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె సందు మొగదాకా పరుగెత్తింది. అప్పుడే చీకటి పడింది. లోపల, రెండు గోడల మధ్య, చిన్న వెలుగు ఊగుతూ వస్తోంది. దానితోపాటు కూతురి అడుగుల చప్పుడు. దాని వెనక ఇంకొకరివి, తొందరేమీ లేనివి. వెలుగు ఆగింది. ఆ అడుగులూ ఆగాయి.

"అమ్మడూ!"

తన కేక తనకే పరాయిదిలా వినిపించింది. వెనకెవరో వెనుదిరిగి వెళ్లిపోయారు, అదే నింపాదితో. కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది.

రాత్రి ఆమె తండ్రీకూతుళ్లకి వడ్డించింది.

"నాతో చెప్పొచ్చుగా?"

"నీతో చెబితే ఉద్యోగం మానెయ్యమంటావు." కూతురు కంచంలో వేలితో గీతలు గీస్తోంది. "గురువుగారైతే దారి చెబుతారనుకున్నా. చెప్పారు కదా మరి."

ఆమె వడ్డించడం ఆపి, మొదటిసారి తనూ వాళ్లతోపాటు భోజనానికి కూర్చుంది.

"వాడెలా ఉంటాడు? ఎక్కణ్ణుంచి వెంటపడతాడు? మొదట ఎప్పుడు చూశావు? అన్నీ కాయితం మీద రాయి. రేపు పొద్దున్నే మనం ముగ్గురం పోలీస్ స్టేషనుకి వెళ్తున్నాం. సాయంత్రం ఆరింటికి ల్యాబు గేటు దగ్గర నేనుంటాను, పెద్ద రోడ్డు మీదే వస్తాం. ఉద్యోగం మాత్రం మానవు."