గన్నేరు కొమ్మ మీద గుడ్డముక్క

ఎవరు చీర మడత విప్పినా సాంబమూర్తి వేళ్లు ముందుగా అంచు పట్టుకుని నలిపి చూస్తాయి. మంగళగిరి నేతగాళ్లందరికీ ఉన్న జబ్బే అది, మందు లేదు.

ఆ ఉదయం మాత్రం జబ్బు కంటే మొండితనం ఎక్కువగా ఉంది. మగ్గం మీద పడుగు నూలు అయిపోవచ్చింది. కొత్త పడుగుకు ఏ రంగులో చెబితే అద్దడానికి అద్దకంవాడు ఎలీషా సిద్ధంగా ఉన్నాడు. ముదురు పచ్చ, లేత పచ్చ, నడుమ గులాబీ చార కావాలని కూతురు ప్రత్యూష పట్టుబట్టింది. డిజైన్ కోర్సు చదివొచ్చాక ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక. కాదంటే పట్నంలో, వన్ టౌన్‌లో చీరల కొట్టు ఉద్యోగానికి వెళ్లిపోతానంది. సాంబమూర్తికి కూతుర్ని వదులుకోవడం ఇష్టం లేదు, తగ్గడమూ ఇష్టం లేదు. పచ్చ పక్కన గులాబీ పెట్టేవాడు నేతగాడే కాడని తేల్చేసి విసురుగా పెరట్లోకి వచ్చాడు.

అక్కడ గన్నేరు కొమ్మకు ఓ గుడ్డముక్క అంటుకుని ఉంది. కళ్లజోడు మగ్గం దగ్గరే ఉండిపోయింది గానీ, రంగులు తెలియనంత గుడ్డివాడు కాడు. ముదురు పచ్చ మీద లేత పచ్చ అలలు, నడుమ గులాబీ చార, దాని పక్కన సన్నటి తెల్లగీత. గోడ అవతలి వెంకటప్పయ్య మగ్గానిది కాక ఇంకెవరిది?

పక్కింటివాడు మనల్ని దాటేశాడంటూ భార్య సుధామణిని కేకేశాడు. వెనకే ప్రత్యూష కూడా వచ్చింది.

"చూడమ్మాయ్, రంగులు కలపడమంటే ఇదీ. నేసినోడి కాళ్లకి మొక్కినా తప్పులేదు" అంటూ అంచు పట్టి నలపబోయాడు.

గుడ్డముక్క వణికింది. కాళ్లు కదిపింది. ఆపైన బుర్రుమని లేచి, ఆయన ముక్కుకు రాసుకుంటూ గోడ దాటిపోయింది. వేళ్లకు పచ్చటి పొడి అంటుకుంది.

"అది పురుగు నాన్నా" అంది ప్రత్యూష మెల్లగా. గన్నేరు ఆకులు తినే గొంగళిపురుగే పెరిగి అలాంటి రెక్కల చిమ్మట అవుతుందని చెప్పింది.

సుధామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రత్యూష నవ్వలేదు, తన రంగుల మాటా ఎత్తలేదు. దాంతో ఆయనకు మరీ సిగ్గేసింది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, ఇంట్లో పిల్ల అడిగితే పనికిరాని రంగులే వెంకటప్పయ్యవి అనుకోగానే అద్భుతంగా కనిపించాయి.

వేళ్లు పంచెకు తుడుచుకోబోయి ఆగాడు. చెయ్యి అలాగే కూతురి ముందుకు చాపాడు.

"ఈ పొడి రాలిపోకముందే ఎలీషాకి చూపిద్దాం పద. గులాబీ ఎంతుండాలో నువ్వే చెప్పు."