గాజు గోడకు ఇవతల

ఫిజియోథెరపీ గదికి గాజు గోడ పెట్టినవాడికి ఆడపిల్లలు ఉండి ఉండరు. ఉన్నా వాడికి పట్టి ఉండదు. లోపల పిల్లలు చెమటలు కక్కుతూ వంగి లేస్తుంటారు. ఇవతల బెంచీ మీద తల్లులు కూర్చుని, సంతలో పశువుల్ని చూసినట్టు చూస్తుంటారు.

నా మనవరాలికి పద్నాలుగేళ్లు. హార్మోన్ల తేడా. ఒళ్లు పెరుగుతోంది, నెలసరి నెలల తరబడి రాదు. మందులతో పాటు ఈ వ్యాయామం కూడా జరగాలి, మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అన్ని మాటల్లోనూ మా కోడలి చెవిన పడింది ‘ఒళ్లు’ ఒక్కటే.

"నోరు కట్టుకోవే అంటే వినదు వదినా," అంది పక్కావిడతో.

"మాదీ అంతే. అది కూర్చుంటే కుర్చీ ఏడుస్తుంది," అంది ఆవిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు. మధ్యలో బిస్కట్ల పొట్లం.

లోపల మా పిల్ల పెద్ద రబ్బరు బంతిని వీపుతో గోడకు నొక్కిపెట్టి కిందికి దిగి లేస్తోంది. చేతులు రెండూ పైకెత్తమంది ఫిజియో అమ్మాయి. ఎత్తితే చొక్కా లేచి పొట్ట కనబడుతుంది. అందుకని ఒక చేత్తో చొక్కా అంచు పట్టుకుని రెండో చెయ్యే ఎత్తింది. సరిగ్గా అప్పుడే కోడలు ఫోను తీసి వీడియో పట్టింది.

"పిన్నులకి పంపుతా. ఎలా ఆయాసపడుతోందో చూస్తారు."

పిల్ల చూసింది. బంతి వదిలేసి బయటికొచ్చింది.

"అది తీసెయ్యమ్మా."

"నీ మంచికేనే! రేపు ఎంత తగ్గావో పోల్చి చూసుకోవద్దూ?"

"నేనింక రాను."

"చూశారా మావయ్యగారూ, బద్ధకం! వంక దొరికింది."

"పంపావా?" అన్నాను.

"ఎప్పుడో వెళ్లిపోయింది."

ఫిజియో అమ్మాయి తలుపు దగ్గరికొచ్చింది. "కింద కుర్చీలున్నాయమ్మా, అక్కడ కూర్చోండి."

"కన్నవాళ్లం. చూడకూడదా?" అని పక్కావిడ గయ్యిమంది. పాపం, ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. కన్నామన్న మాట అడ్డం పెట్టుకుంటే ఇక ఏ సిగ్గూ అక్కర్లేదు.

పిల్ల తల వంచుకుని నిలబడింది. లోపలికి వెళుతుందో, మెట్లు దిగుతుందో నాకు తెలియలేదు. దిగితే మాత్రం మళ్లీ ఎక్కదు.

"కూర్చుని లేవడం చేయిస్తానన్నారుగా మేడం," అంది ఉన్నట్టుండి. "ఈ బెంచీ మీద చేస్తా. లోపల వేయించండి."

"అయ్యో, మేమెక్కడ కూర్చోవాలే?" అంది కోడలు.

"నిలబడండి. ఒంటికి మంచిది," అన్నాను.

నేనో పక్కా, పిల్లో పక్కా పట్టుకుని బెంచీ లోపల పెట్టాం. కన్నప్రేమ కాసేపు గోడకు చేరగిలబడి చూసింది. ఒకరికి మడమ నొప్పి, ఒకరికి నడుము. ఆ ప్రేమకు కాళ్లలో అంతే బలం ఉంది.

"టీ తాగొస్తాం మావయ్యగారూ, మీరు చూస్తుండండి," అంటూ కోడలు మెట్లు దిగింది.

గాజుకు వీపు పెట్టి నిలబడ్డాను. వెనక బెంచీ కిర్రుమంది, ఆగింది, మళ్లీ కిర్రుమంది. "రెండు చేతులూ! ఆఁ, రెండూ!" అంటోంది ఫిజియో అమ్మాయి. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆ చప్పుడు సాగింది.

"ఎలా చేసింది?" అంది కోడలు మూతి తుడుచుకుంటూ.

"చూడలేదు."

"ఇంతసేపూ ఇక్కడే ఉండి చూడలేదా!"

చెప్పినా ఆ బుర్రకెక్కదు. లోపల్నించి పిల్ల గొంతు వినపడింది, రొప్పుతూ: "రేపు కూడా ఈ టైమేనా మేడం?"