శనివారం మాత్ర

చచ్చిందనే కదా అనుకుంది, నలభై ఒకటో గాడిలో మూడు రోజులుగా ఉలుకూ పలుకూ లేకుండా పడున్న ఆ బాక్టీరియాని, ల్యాబులో గాజుపలక మీద వెంట్రుక కంటే సన్నటి గాడుల్లో ఒక్కొక్క కణాన్నీ విడిగా నిలబెట్టి మందు పారిస్తే చుట్టుపక్కలవన్నీ పగిలిపోయాయి, ఇదొక్కటే పెరగలేదు, పగల్లేదు, ప్రశాంతి పుస్తకంలో దాని నంబరు ఎదురుగా మృతం అని రాసేసింది కూడా, ఇప్పుడు మందు కడిగేసి తిండి పారిస్తుంటే మైక్రోస్కోపు తెర మీద అది మెల్లగా సాగుతోంది, నడుము సన్నబడుతోంది, అదిగో రెండయింది, ఓరి నీ దుంపతెగ, ఇన్నాళ్లూ నిద్రపోయావా, అని నవ్వబోయి ఆగిపోయింది, అది ఎవరిదో కాదు, జ్వరం మూడోసారి తిరగబెట్టి పోయిన వారం నాయనను పాకాల నుంచి తిరుపతికి తెచ్చినప్పుడు, డాక్టరునడిగి పట్టుకొచ్చిన మూత్రంలోది.

ఈ మందుకి ఈ క్రిమి చస్తుంది, పరీక్షలో తేలింది, అయినా తగ్గలేదంటే సరిగ్గా మింగలేదేమో, డాక్టరు అన్నది అంతే, మిగతాదంతా తనే అనేసింది, నిన్న ఓపీలో నలుగురి ముందు, శనివారం ఒక్కపొద్దు కదా నాయనా నీకు, తిన్నాక వేసుకోమన్న మాత్ర తినకుండా ఎట్ట వేసుకుంటావు, మానేసుంటావు, నాయన మునిరత్నం తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటూ, మింగినాను పాపా, అన్నాడు, అయితే ఒట్టెయ్యి, అంటే, ఏడుకొండలాయన్ని బిళ్లలకాడికి లాగొద్దులేమ్మా, అని ఊరుకున్నాడు, అంతే, అబద్ధమని తేల్చేసింది, ఇక మాత్రలు నమ్మలేమని డాక్టరు రాసింది, ఈ పూట నుంచి గట్టి సూదులు, ఒక్క కిడ్నీతో నెట్టుకొస్తున్న మనిషికి ఆ ఒక్కదాన్నీ దెబ్బతీయగల సూదులు, మరి నిజంగా మింగుంటే, ఇదిగో ఇట్లా నిద్రపోయి తప్పించుకున్నవే మళ్లీ లేస్తుంటే, అమ్మకి ఫోన్ కలిపింది.

ఆదిలక్ష్మమ్మ ఎర్రగడ్డలు తరుగుతున్నట్టుంది, ముక్కు ఎగబీలుస్తూ, ఏసుకోకేం మే, నలభై ఏండ్ల ఒక్కపొద్దు ఇడిసిపెట్టి రెండిడ్లీలు తిని ఏసుకున్నాడు, ఎవురన్నా సూస్తారని తలుపేసుకోని మరీ తిన్యాడు, సామీ, నా బిడ్డ సెప్పింది, తప్పుంటే నా మీదెయ్యి, దాన్నేమీ అనబాక, అని దణ్ణం పెట్టి తిన్యాడు, నేను నవ్వితే నీకేం దెలుసునే అని ఎగిరినాడు, మరి నాకెందుకు చెప్పలేదమ్మా, సెప్తే నావల్ల ఒక్కపొద్దు సెడిందే అని పాప ఏడుస్తాది, నోరు మూసుకో, అన్నాడు, మూసుకున్నా, నాకెందుకొచ్చిన తంటా.

డాక్టరుకి చెప్పింది, తెర ఫొటో పంపింది, వీడియో కూడా ఉందంది, ఆయన, సూది ఆపుతానమ్మా, ఆ వీడియో తీసుకురా, మందు ఇచ్చే పద్ధతి మారుద్దాం, అన్నాడు, గుండెల మీంచి బండ దిగింది, దిగినచోట సిగ్గు మిగిలింది, ఆస్పత్రికి ఆటో ఎక్కి కూర్చుంది, అలిపిరి రోడ్డు ఎండలో మెరుస్తోంది, ఏమని మొదలుపెట్టాలి, నాయనా తప్పయింది అంటే, ఏం తప్పులే పాపా, తిన్యావా, అంటాడు, అంతకు మించి ఒక్క ముక్క అనడు, అనలేక కాదు, కదలని క్రిమిని చచ్చిందనుకున్నట్టే మాట్లాడని మనిషిని దొరికిపోయాడనుకుంది తను, నిన్న అంతమంది ముందు ఆయన తలగుడ్డ చుట్టుకుంటూ ఊరకున్నది తప్పు ఒప్పుకుని కాదు, కూతురికి నొప్పి తగలకుండా అడ్డం నిలబడి.